లోహితాస్యుడి ఊపిరి

నేను స్టేజీ మీద మొట్టమొదట నేర్చుకున్న పని చచ్చిపోయి పడుకోవడం. అప్పటికి నాకు ఏడేళ్లు.

హరిశ్చంద్ర నాటకంలో ఆయన కొడుకు లోహితాస్యుడి వేషం. ఆడపిల్లకి మగపిల్లాడి వేషమేంటని ఎవరూ అడగలేదు. జుట్టు నెత్తిన సిగ కట్టి, పంచె గోచీ పోసి, మెళ్లో రుద్రాక్షలు వేస్తే ఏ పిల్లయినా లోహితాస్యుడే. అసలు వెయ్యాల్సిన కుర్రాడికి ఆటలమ్మ పోసింది. నాటకం ఆ రాత్రికే. మా నాన్న హార్మోనియం పెట్టె సైకిలు క్యారేజీకి కట్టుకుంటూ, అరుగు మీద గవ్వలాడుకుంటున్న నన్ను చూసి "బుజ్జీ, వస్తావేంటే?" అన్నారు. గవ్వలు జేబులో పోసుకుని ముందు కమ్మీ మీద ఎక్కి కూర్చున్నాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. డబ్బింగ్ చెప్పి బతుకుతున్నాను. హిందీ నుంచి తెలుగులోకి వచ్చే సీరియళ్లలో, కార్టూన్లలో పిల్లల గొంతులు చాలావరకు నాలాంటి పెద్ద ఆడవాళ్లవే. ఆరేళ్ల పిల్లల్ని మైకు ముందు గంటలకొద్దీ నిలబెట్టలేరు కదా. ఈ మధ్య ఒకావిడ "చిన్నప్పుడే స్టేజీ ఎక్కారు కాబట్టి మీకు ఈ ఫీల్డు ఈజీ అయిపోయిందండి" అంది. మొహమాటానికి ఔనన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ మాట సగమే నిజమనిపించింది. స్టేజీ నాకు ఇచ్చిందేంటో, నేను వదిలించుకోలేక చచ్చిందేంటో ఒకచోట రాసుకుందామని కూర్చున్నాను.

మాది కోనసీమలో, గోదావరి పాయ వైనతేయ గట్టు పక్క ఊరు. ఎకరం కొబ్బరితోట, అందులో అంతరపంటగా అరటి, ఇంటెనక రెండు గేదెలు. తక్కిందంతా నాన్న హార్మోనియం సంపాదనే. శ్రీరామనవమికి, చవితికి, దసరాకి, శివరాత్రికి, అమ్మవారి జాతరలకి పందిరి పడని ఊరుండేది కాదు. అప్పట్లో అవన్నీ కాంట్రాక్టు నాటకాలు. ఊరి పెద్దలు కాంట్రాక్టరుకి బయానా ఇస్తారు. ఆయన తెనాలి నుంచి ఒకరిని, గుడివాడ నుంచి ఒకరిని, కాకినాడ నుంచి ఒకరిని పిలిపిస్తాడు. డ్రస్సులు, తెరలు అద్దెకొస్తాయి. హరిశ్చంద్రుడు ఒక్కడే ఉండడు. అడవి సీనుకొకరు, వారణాసి సీనుకొకరు, కాటి సీనుకొకరు. వీళ్లంతా సాయంత్రం బస్సు దిగి, ముఖాలకి రంగేసుకుంటూ పరిచయాలు చేసుకుని, పదింటికి తెర లేపేస్తారు. రిహార్సల్ అన్న మాటే లేదు. నాటకం అందరికీ నోటికొచ్చు, ఎదుటివాడు ఎక్కడ ఆపితే ఎక్కడ అందుకోవాలో తెలుసు. అంతే.

నాకు మాత్రం ఏమీ తెలీదు. నాలుగు డైలాగులుంటే నాన్న సైకిలు మీదే నేర్పేశారు. నక్షత్రకుడి వెనకాల ఏడుస్తూ నడవడం, చంద్రమతిని కొనుక్కున్న కాలకౌశికుడి ఇంట్లో తిట్లు తినడం, దర్భలకి వెళ్లి పాము కరిచి "అమ్మా" అని పడిపోవడం. ఇవన్నీ తేలికే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. చంద్రమతి శవాన్ని కాటికి తెచ్చి, ఒళ్లో పెట్టుకుని పద్యాలు పాడుతుంది. కాటికాపరి హరిశ్చంద్రుడు సుంకం అడుగుతాడు. వాళ్లిద్దరూ మొగుడూపెళ్లాలని తెలియడానికి ముప్పావుగంట పడుతుంది. జనం వన్స్ మోర్ అంటే గంట దాటుతుంది. ఆ గంటా నేను శవాన్ని.

మొదటి రాత్రి ఘోరం జరిగింది. ముందు వరసలో గోనెపట్టా మీద కూర్చున్న ఎవరో "ఒరేయ్, కుర్రోడి బొజ్జ కదుల్తుందిరా!" అన్నాడు. పక్కవాడు "బతికేసుంటాడ్రా, సుంకం కట్టక్కర్లేదు" అన్నాడు. పందిరంతా నవ్వు. చంద్రమతి వేసినావిడ పద్యం ఆపకుండానే, ఏడుపులో కలిపి, నా డొక్కలో గిల్లింది. ఆ నొప్పి నాకింకా గుర్తుంది. లోపలికొచ్చాక ఆవిడే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పులిహోర తినిపిస్తూ "ఏమ్మా, నిద్రలో కూడా ఊపిరి తీస్తావు కదా, అప్పుడు ఇంత ఎగరదే నీ బొజ్జ?" అంది. నేను ఆవిణ్ని అత్తయ్యా అనేదాన్ని. గుడివాడ నుంచి వచ్చేది.

మర్నాటి నుంచి నాన్న వీధరుగు మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద చింతపిక్క పెట్టేవారు. చింతపిక్క దొర్లకూడదు. ఊపిరి బొజ్జలోకి పోకుండా వీపు కిందికి, పక్కటెముకల్లోకి పంపమనేవారు. "నేలని నువ్వు తోస్తున్నట్టు పీల్చవే" అనేవారు. ఇది ఎలా చెయ్యాలో మాటల్లో చెప్పడం కష్టం. అరుగు చల్లదనం వీపుకి ఎక్కువ తగిలితే సరిగ్గా చేస్తున్నట్టు గుర్తు. రెండు నెలలకి చింతపిక్క నిలిచింది.

అయినా గంటసేపు చిన్న ఊపిరితో ఉండలేం. మధ్యలో గుండెనిండా పీల్చుకోవాలి. ఎప్పుడు? చంద్రమతి ఏడుస్తూ నా మీదికి వాలినప్పుడు. ఆవిడ కొంగు నా పొట్టని కప్పేస్తుంది, ఆ రెండు మూడు క్షణాల్లో పీల్చెయ్యాలి. కానీ కళ్లు మూసుకుని ఉన్న దాన్ని ఆవిడ ఎప్పుడు వాలుతుందో నాకెలా తెలుస్తుంది? అందుకని ఆవిడ పద్యాలన్నీ నేను కంఠతా పట్టాల్సొచ్చింది. అదీ చాల్లేదు. రాగం ఎక్కువ తీసే రోజు వాలడం ఆలస్యమవుతుంది, గొంతు బాగాలేని రోజు తొందరగా వాలిపోతుంది. ఆవిడ పద్యం చివరి పాదానికి ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి అందుకునేది. ఆ చప్పుడు నాకు తప్ప పందిట్లో ఎవరికీ వినిపించదు. అది వినిపిస్తే ఇంకో పాదంలో వాలుతుందని లెక్క.

దోమలు వేరే. జనవరి, ఫిబ్రవరుల్లో దాళ్వా, అంటే రెండో పంట నాట్లకి చేలల్లో నీళ్లు పెట్టి ఉంచుతారు, రాత్రి రెండింటికి లైట్లన్నీ స్టేజీ మీదే, ఇంక దోమలెక్కడికి పోతాయి? ఒకసారి పై పెదవి మీద వాలి తాగుతూ ఉంది. నాకు దాని బరువు తెలుస్తోంది. హరిశ్చంద్రుడు శ్మశానంలో రాజైనా పేదైనా ఒకటేనని పద్యం తీస్తున్నాడు. దోమ తన పని కానిచ్చుకుని లేచే వరకు నేను ముఖం కదపలేదు. తెల్లారి అద్దంలో చూసుకుంటే పెదవి అరటిపువ్వులా వాచింది. నాన్న మెచ్చుకుని నాకు ఆ రోజు యాభై రూపాయల నోటు చేతికిచ్చారు. మామూలుగా ఆయనే ఉంచుకునేవారు.

ఏడుపు సంగతీ చెప్పాలి. పాము కరిచినప్పుడు పెట్టే కేక శ్రుతిలో ఉండాలని నాన్న పట్టు. "నువ్వు ఏ స్వరం మీద ఏడుస్తావో దాని మీదే తర్వాతి సీను ఎత్తుకుంటారు, బయటికి పోయిందంటే పద్యం మొదట్లోనే పడిపోద్ది" అనేవారు. అందుకే ఐదున్నర శ్రుతిలో "అమ్మా" అని పొడుగ్గా లాగేదాన్ని, మైకు పట్టినా పట్టకపోయినా ఆఖరి వరసకి వినపడేలా. జనం కళ్లొత్తుకునేవాళ్లు. ఆ కేకే తర్వాత నా కొంప ముంచింది. అది ముందుముందు చెబుతాను.

1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఅవుట్ అయింది, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగజిమ్మి అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఆ ఏడు శివరాత్రికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక ఊళ్లో మా నాటకం. రాత్రి పదకొండింటికి కూడా తూర్పున ఆకాశం ఎర్రగా, పొద్దు వాలుతున్నట్టే ఉంది. దూరంగా రైలు పోతూనే ఉన్నట్టు ఆగని హోరు. కాటి సీనులో వెనక కట్టే శ్మశానం తెర ఆ రోజు కట్టొద్దన్నాడు కాంట్రాక్టరు. తెర తీసేస్తే వెనక నిజం మంటే. జనం ఒక్కరూ మాట్లాడలేదు. వన్స్ మోర్ అన్నవాడు లేడు. కళ్లు మూసుకున్నా రెప్పల మీద ఎరుపు తెలిసేది. హోరు వల్ల అత్తయ్య ఊపిరి చప్పుడు నాకు వినిపించలేదు. ఆవిడ ఎప్పుడు వాలుతుందో తెలీక, ఒక్కో పద్యం అయ్యేసరికి చెవుల్లో గుయ్యిమనడం మొదలైంది. చివరికి నిజంగానే సోలిపోయాను. శవం సోలిపోతే ఎవరికి తెలుస్తుంది? నాటకం అయిపోయాక లేపితే లేవలేదట. నీళ్లు కొట్టారు.

అదే నా చివరి నాటకం కూడా. సోలినందుకేం కాదు. పదకొండేళ్లొచ్చి పొడుగయ్యాను. నన్ను చేతుల మీద ఎత్తుకుని కాటికి తెచ్చేటప్పుడు అత్తయ్యకి నడుం పట్టేసింది. "ఇంక నీ కొడుకుని నువ్వే మొయ్యి బావగారూ" అంది నాన్నతో.

తర్వాతి ఏడాది తుఫాను. 1996 నవంబరు 6 రాత్రి. మా తోటలో అరవై చెట్లుంటే తెల్లారేసరికి పద్నాలుగు నిలబడి ఉన్నాయి. కొత్త మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. కొబ్బరికాయే రొక్కమైన ఊళ్లలో ఇంక నాటకానికి బయానా ఎవరిస్తారు? నాన్న హార్మోనియం పెట్టెకి దుప్పటి చుట్టి అటకెక్కించి, దింపుడు కాయలు కొనే వ్యాపారి దగ్గర లెక్కలు రాయడానికి కుదిరారు. నేను బడికెళ్లాను, కాలేజీకెళ్లాను. చెప్పుకోవడానికి ఏమీ లేదు, బి.కాం. అందరూ చదివినట్టే చదివాను.

2005లో కంప్యూటర్ కోర్సని విజయవాడలో మేనమామ ఇంట్లో ఉన్నప్పుడు ఆకాశవాణి వాళ్ల నాటక ఆడిషన్ అని తెలిసింది. మా ఇంట్లో రేడియో నాటకం, సినిమాని కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే గిన్నెల చప్పుడు కూడా చెయ్యనిచ్చేవారు కాదు నాన్న. నాకు ధైర్యం ఎక్కువైంది. ఐదేళ్లు స్టేజీ మీద బతికిన దాన్ని, వీళ్లు నన్నేం పరీక్షిస్తారు అనుకుంటూ వెళ్లాను.

గది నిండా మెత్తలు. తలుపు వేస్తే చెవులు మూసుకుపోయినట్టుంది. గాజు కిటికీ అవతల నలుగురు కూర్చున్నారు. చేతికి రెండు కాగితాలిచ్చారు. ఒకదాంట్లో అత్తగారితో గొడవపడే కోడలు, రెండోదాంట్లో కొడుకు చనిపోయిన తల్లి. రెండోది చూడగానే నాకు నవ్వొచ్చింది, ఇది నా సొంత సీనే కదా అని. అత్తయ్యని తలుచుకుని గుండెలు బాదుకున్నంత పని చేశాను. అవతల ఉన్నాయన చెవులకి పెట్టుకున్నవి తీసేసి బల్ల మీద పెట్టడం కనిపించింది.

ఫెయిల్. వస్తుంటే వరండాలో ఒక పెద్దాయన ఆపారు. "మీది ఏ ఊరమ్మా? కోనసీమా? నాటకాలు వేశారు కదూ?" అన్నారు. ఔనండి అన్నాను. "తెలుస్తోంది. మీరు ఆఖరి వరసలో చుట్ట కాలుస్తున్నవాడికి చెబుతున్నారు. ఇక్కడ వినేవాడి చెవి మీకు జానెడు దూరంలో ఉంటుంది. వాడి చెవిలో అరుస్తారా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మాత్రం బాగా సన్నగా వచ్చిందని తర్వాత గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మళ్లీ ఆడిషన్ పడేదాకా ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా నేను చేసిన సాధన ఒక్కటే. మామయ్య కొడుక్కి నాలుగేళ్లు, పక్కలో కథ చెప్పందే పడుకోడు. దోమతెర అవతల మంచం మీద అమ్మమ్మ, ఆవిడకి చీమ చిటుక్కుమంటే మెలకువ. అమ్మమ్మ లేవకూడదు, పిల్లాడికి పులి కనపడాలి, రాక్షసుడు కనపడాలి. మొదట్లో రోజూ తిట్లు తినేదాన్ని. రాక్షసుడి గొంతు పెంచకుండా ఎలా భయపెట్టాలా అని తంటాలు పడి, చివరికి మాటకి ముందు కాస్త ఆగి, ఊపిరి మాత్రం వినిపించడం కనిపెట్టాను. పిల్లాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అమ్మమ్మ గురక ఆగలేదు.

ఆ ఊపిరి ఎక్కడిదో అప్పుడు నాకు తట్టలేదు. రెండోసారి ఆడిషన్‌లో పాసయ్యాను. నాటక కళాకారులకి బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి, నాది అన్నిటికంటే కింద ఉన్న బి. నాన్నకి ఫోన్ చేస్తే "బి అంటే బాగుందనా?" అన్నారు. ఔనన్నాను.

రేడియో నాటకాలతో ఇల్లు గడవదు. హైదరాబాద్ వెళ్లాను. డబ్బింగ్‌లో కొత్తవాళ్లకి ముందు దొరికేది గుంపు గొంతులు. పెళ్లిలో జనం, బస్టాండులో జనం, కొట్లాటలో "కొట్టండ్రా, పట్టండ్రా" అనేవాళ్లు. పదిమందిమి ఒక మైకు చుట్టూ నిలబడి అరవాలి. అక్కడ నా పాత స్టేజీ గొంతుకి మంచి గిరాకీ వచ్చింది. గట్టిగా అరవగలిగినవాళ్లని ముందు పిలుస్తారు. రెండేళ్లు అలా అరిచి అరిచి, ఒక రోజు పొద్దున లేస్తే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. డాక్టరు చూసి, స్వరతంత్రుల మీద కాయ కాసినట్టుగా చిన్న బుడిపెలు కట్టాయని, వాటిని నాడ్యూల్స్ అంటారని చెప్పారు. చిన్నప్పటి నుంచీ గొంతుని బలవంతంగా తోసి మాట్లాడే అలవాటుందా అని అడిగారు. మూడు వారాలు మౌనం, తర్వాత నాలుగు నెలలు గొంతు వ్యాయామాలు. ఆపరేషన్ లేకుండా బయటపడ్డాను.

ఏడేళ్ల పిల్లని ఐదున్నర శ్రుతిలో ఆఖరి వరసకి అరిపించినందుకు నాన్న మీద నాకు కోపం వచ్చింది ఆ రోజుల్లో. ఇప్పుడూ పూర్తిగా పోలేదు. పిల్లల గొంతు లేత అని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనకి ఎవరు నేర్పారో వాళ్లకీ ఎవరూ చెప్పి ఉండరు. మర్నాడు స్కూల్లో నిద్రపోయి తిన్న దెబ్బలు ఎవరి ఖాతాలో రాయాలో మాత్రం నాకు తెలీదు.

గొంతు బాగయ్యాక దొరికిన మొదటి పెద్ద అవకాశం ఒక హిందీ సీరియల్లో పిల్లాడి పాత్ర. చెప్పాల్సిన అమ్మాయి రాలేదు, బయట బెంచీ మీద నేనున్నాను. సీను ఏంటంటే పిల్లాడు జ్వరంలో పలవరిస్తూ అమ్మని పిలుస్తాడు. అలవాటుగా "అమ్మా" అని లాగాను. ఇంజినీరు ఆపేశాడు. "మేడం, వాడి నోరు ఎప్పుడో మూసేశాడు, మీరింకా పాడుతున్నారు." మళ్లీ చేశాను, మళ్లీ పొడుగు. నాలుగో టేకుకి డైరెక్టరు గడియారం చూసుకున్నాడు.

అప్పుడు నేను అడిగింది ఒక్కటే. ఒరిజినల్‌ని బొమ్మ లేకుండా, శబ్దం ఒక్కటే రెండుసార్లు వినిపించమన్నాను. కళ్లు మూసుకుని విన్నాను. ఆ హిందీ పిల్లాడు మాట కంటే ముందు ముక్కుతో చిన్నగా అందుకుంటున్నాడు. అందుకున్నాక అరక్షణానికి పెదవి విడుతోంది. ఇది నాకు తెలిసిన చప్పుడే. కాటి సీనులో నా ప్రాణం నిలబెట్టిన చప్పుడు. వాడు ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తీశాను, మాట దానంతటదే వాడి నోట్లో పడింది. ఒకే టేకు. ఆ రోజు మిగతా ఎపిసోడ్ రెండు గంటల్లో అయిపోయింది.

ఈ పనిలో అసలు చిక్కు భాషలోనే ఉంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచి ఉంటుంది. హిందీ మాటలు చాలావరకు హల్లుతో టక్కున మూసుకుపోతాయి. వాళ్లు పెదవులు కలిపే చోట మనకి ప, బ, మ పడాలి, లేకపోతే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. రాసేవాళ్లు చాలావరకు సర్ది ఇస్తారు, మిగిలింది మనం మైకు ముందు నిలబడి సర్దుకోవాలి. "వెళ్లిపోయాడు" పట్టకపోతే "పోయాడు" అంటాం, అదీ పట్టకపోతే "పోయాడమ్మ" అని పెదవి మూస్తాం. రిహార్సల్ లేకుండా బస్సు దిగొచ్చిన ముగ్గురు హరిశ్చంద్రుల పక్కన నాటకం ఆడినదానికి ఇలాంటి సర్దుబాటు పెద్ద కష్టమనిపించలేదు. ఎదుటివాడు ఒక పాదం మింగేస్తే మనం ఎక్కడ అందుకోవాలన్నది అక్కడే అలవాటైంది.

మా నాన్నకి మాత్రం లెక్క వేరే. ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచి వచ్చినవాళ్లేనని, అక్కినేని చిన్నప్పుడు ఆడవేషాలు వేసే పైకొచ్చాడని, స్టేజీ ఎక్కినవాడికి తిరుగులేదని వేళ్ల మీద చెబుతారు. నేనూ ఒక లెక్క చెబుతాను ఆయనకి. అత్తయ్య కొడుకు నాకంటే ముందు లోహితాస్యుడు వేసినవాడే, నాకంటే బాగా పాడేవాడు. ఇప్పుడు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. నాతోపాటు నక్షత్రకుడి పక్కన తిరిగిన ఇంకో కుర్రాడు ఆటో నడుపుతాడు. నాన్న ఏమీ అనరు, పొడుం డబ్బా కోసం వెతుక్కుంటారు.

కరోనా ఏడాది స్టూడియోలు మూతపడితే ఊరొచ్చేశాను, తర్వాత వెనక్కి పోలేదు. పని చాలావరకు ఇంటి నుంచే పంపుతున్నాను. ధాన్యం గదిలో గోడలకి కొబ్బరిపీచు పరుపులు నిలబెట్టి మైకు పెట్టుకున్నాను. స్టూడియో వాళ్లు ఫోన్లో ఫొటో చూసి నవ్వారు గానీ శబ్దం విని ఊరుకున్నారు. వానాకాలం కప్పల గోల ఆపడం నావల్ల కాదు, అందుకని తెల్లవారుజామున మూడింటికి లేచి చెబుతాను. పైకప్పు మీద కొబ్బరికాయ పడిందా, టేకు పోయినట్టే. కాటి సీను వేళకి లేవడం నాకు కొత్తేం కాదు.

పోయిన శివరాత్రికి పక్క ఊరి వాళ్లు చాలా ఏళ్ల తర్వాత హరిశ్చంద్ర పెట్టారు. సాయంత్రం నాలుగింటికి కాంట్రాక్టరు ఫోన్. లోహితాస్యుడికి ఒంట్లో బాగాలేదు, పిల్ల ఎవరైనా ఉందా అని. మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. అది అప్పటికే గదిలో అద్దం ముందు సిగ కట్టేసుకుంది. నాన్న అటక మీంచి హార్మోనియం దింపించి, మొదట కేక నేర్పడానికి కూర్చున్నారు. నేను పెట్టె మూత వేసేశాను. "కేక అది ఎలా పెడితే అలాగే ఉండనీండి నాన్నా. మైకు ఉంది, దాని గొంతు ముట్టుకోకండి" అన్నాను. ఆయన నా వంక చాలాసేపు చూసి, చేతులు హార్మోనియం మీంచి తీసేశారు.

పిల్లని అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టాను. చింతపిక్క దొరకలేదు, పొట్ట మీద గవ్వ పెట్టాను. దొర్లిపోయింది. మళ్లీ పెట్టాను.

"అత్తా, నవ్వొస్తే?" అంది కళ్లు మూసుకునే.

"నాలిక పళ్ల మధ్య పెట్టుకుని మెల్లగా నొక్కు."

"దోమ కుడితే?"

"తాగనీ."

కాసేపు ఊరుకుంది. గవ్వ సన్నగా ఊగుతోంది.

"మరి నాకు ఊపిరాడకపోతే?"

వంగి దాని చెవి దగ్గర ముక్కుతో చిన్నగా ఊపిరి అందుకున్నాను. "ఈ చప్పుడు విను. చంద్రమతి ఇలా అంటుంది. అన్నాక ఒక పాదం పాడుతుంది, నీ మీద వాలుతుంది. అప్పుడు తీసుకో, ఎంత కావాలంటే అంత" అన్నాను.

"ఇంకోసారి అనత్తా" అంది.